ముందు పక్కవాడికి తెలుస్తుంది

ఇరవై ఏళ్లు నిద్రపోయి లేచిన రిప్ వాన్ వింకిల్‌కి తాను ముసలివాడినైపోయానన్న సంగతి చాలాసేపటిదాకా తెలియదు. కీళ్లు పట్టేశాయి. కొండమీద పడక పడలేదు, అంతే అనుకున్నాడు. పక్కనున్న తుపాకీ తుప్పుపట్టిపోయింది. రాత్రి తనతో తాగినవాళ్లు మంచిది కొట్టేసి పాతది పెట్టిపోయారనుకున్నాడు. కుక్క కనపడలేదు. ఉడతని తరుముకుంటూ పోయుంటుందిలే అనుకున్నాడు. ఇలా ఒక్కోదానికీ ఒక్కో సంజాయిషీ చెప్పుకుంటూ కొండ దిగాడు. ఊరి మొగలో ఎదురైనవాళ్లు అతన్ని ఎగాదిగా చూసి తమ గడ్డాలు నిమురుకున్నారు. చూసినవాడల్లా అదే పని చేస్తుంటే తనూ అప్రయత్నంగా గడ్డం మీద చెయ్యేసుకున్నాడు. అడుగు పొడవు వెంట్రుకలు చేతికి తగిలాయి.

వాషింగ్టన్ ఇర్వింగ్ 1819లో అచ్చువేయించిన ఈ కథని మనలో చాలామంది బళ్లో ఇంగ్లీషు నాన్‌డీటెయిల్‌గా చదువుకున్నాం. పెళ్లాం పోరు పడలేక కొండెక్కి, ఎవరో పోసింది తాగి పడుకున్న బద్ధకస్తుడి కథగా గుర్తుండిపోయింది. పెద్దయ్యాక మళ్లీ చదివితే మాత్రం నేను ఆ గడ్డం దగ్గరే ఆగిపోయాను.

కథ జరిగేది అమెరికాలో, కాట్‌స్కిల్ కొండల కింద ఉన్న డచ్చివాళ్ల పల్లెలో. ఇర్వింగ్ మాత్రం దాన్ని ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో ఉన్న అక్కగారింట్లో కూర్చుని రాశాడు. రిప్ నిద్రపోయేనాటికి ఆ పల్లె ఇంగ్లండు రాజుది, లేచేనాటికి స్వాతంత్ర్య యుద్ధం కూడా ముగిసిపోయింది. సత్రం ముందు బోర్డు మీద ఒకప్పుడు జార్జి రాజు బొమ్మ ఉండేది. ఇప్పుడూ మొహం అదే. ఎర్రకోటుకి నీలం రంగు వేసి, చేతిలో రాజదండం తీసి కత్తి పెట్టి, కింద జనరల్ వాషింగ్టన్ అని రాసేశారు. సంగతి తెలియని రిప్ తాను రాజుగారి మనిషినని చెప్పుకున్నాడు. గూఢచారి అంటూ జనం మీద పడ్డారు. ఇక్కడ రిప్ వాన్ వింకిల్‌ని ఎరిగినవాళ్లే లేరా అని మొత్తుకుంటే, ఎరక్కేం అంటూ చెట్టుకి జారగిలబడిన ఒక కుర్రాణ్ణి చూపించారు. కొండెక్కిననాడు తానెలా ఉన్నాడో వాడు అచ్చం అలాగే ఉన్నాడు. అదే బద్ధకం, అవే చిరుగులు. వాడు కొడుకు. అక్కడ రిప్‌కి మతిపోయింది. వాడు తనైతే మరి తనెవరు? చివరికి ఒక ముసలమ్మ వణుక్కుంటూ వచ్చి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని అతని మొహంలోకి చూసి, మన రిప్పే అని తేల్చింది. ముసలివాడివైపోయావని చెప్పింది ఊరివాళ్లే, పోయిన పేరు తెచ్చి ఇచ్చిందీ ఊరివాళ్లే.

ఇలాంటి కథ మనకి కొత్తది కాదు. భాగవతం నవమ స్కంధంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, తగిన వరుణ్ణి చెప్పమని అడగడానికి బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ పాట నడుస్తోంది. మధ్యలో అడగడం మర్యాద కాదని ఆగాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోయాయి. అతను మనసులో పెట్టుకున్న వరులు లేరు, వాళ్ల మునిమనవలు కూడా లేరు. బ్రహ్మ నవ్వి, బలరాముడికివ్వమన్నాడు. ఊహలో ఇది ఇర్వింగ్ కథకంటే ఎన్నో రెట్లు పెద్దది. కానీ దిగివచ్చాక కకుద్మిని చూసి గడ్డం నిమురుకున్నవాడెవడూ ఇందులో లేడు. కాలం గడిచిందని లెక్క చెప్పింది బ్రహ్మ. నవలలొచ్చాక ఆ లెక్క చెప్పే పని పక్కింటివాళ్ల మీద పడింది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లోకంటే ముందు కొట్లోనే తెలుసు. నేను ఫోటోగ్రాఫర్ని. తెనాలిలో స్టూడియో పెట్టుకుని బతికాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. వాడి దగ్గర కెమెరాకంటే కంప్యూటర్‌కే పనెక్కువ. ఫోటో చేతికిచ్చాక జనం అనే మాట ఎప్పుడూ ఒకటే: "ఇది నాలా లేదండీ." పెళ్లిచూపుల ఫోటో దిగిన ఆడపిల్లల సంగతి వేరు. ఈ మాట ఎక్కువగా అనేది రిటైరవబోయే మగవాళ్లు. పెన్షన్ కాయితాలకి భార్యతో కలిసి దిగిన ఫోటో జత చెయ్యాలి. ఇద్దరూ వచ్చి కుర్చీల్లో బిగుసుకుని కూర్చుంటారు. మర్నాడు కవరు తెరిచి చూసి, లైటింగేదో తేడా కొట్టిందంటాడాయన. ఆవిడ తొంగిచూసి, "ఏం తేడా లేదు, మీరే. అచ్చం ఇలాగే ఉంటారు" అంటుంది. ఆయన నావైపు తిరిగి, కొంచెం టచింగ్ చెయ్యమని గొంతు తగ్గించి అడుగుతాడు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసుకునే మొహమే అది. అయినా అద్దం ఆయనకి ఆ మాట చెప్పలేదు.

మా స్టూడియో మేడమీద అద్దెకుండే ఇంగ్లీషు మాస్టారొకరు నాకు పుస్తకాలిచ్చేవారు. మధ్యాహ్నం మూడింటిదాకా గిరాకీ ఉండదు గనక చదివేవాణ్ణి. ఆయనిచ్చినవాటిలో టాల్‌స్టాయ్ రాసిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' చదివినప్పుడు ఆ పెన్షన్ ఫోటోల మనుషులందరూ వరసగా కళ్లముందుకొచ్చారు.

1886లో వచ్చిన ఆ కథ మొదలవడమే చావుకబురుతో మొదలవుతుంది. కోర్టు భవనంలో విరామం వేళ తోటి అధికారులు పేపర్లో చూస్తారు, ఇవాన్ ఇల్యీచ్ పోయాడని. పాపం అని నోటితో అంటూనే, ఆ ఖాళీలోకి ఎవరొస్తారు, తమకి ప్రమోషనొస్తుందా అని లోపల లెక్కలేసుకుంటారు. శవం ఇంట్లో ఉండగానే భార్య వచ్చినాయన్ని గదిలోకి తీసుకెళ్లి, ప్రభుత్వం నుంచి ఇంకేమైనా డబ్బు రాబట్టే దారుందా అని వాకబు చేస్తుంది. అప్పుడు టాల్‌స్టాయ్ వెనక్కి వెళ్లి ఆ మనిషి జీవితం చెబుతాడు. చదువు, ఉద్యోగం, తగిన సంబంధం, పేకాట, బదిలీలు. కొత్త ఇల్లు తీసుకుని ముచ్చటపడి అలంకరించుకుంటూ, పరదా ఎలా వేలాడాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీంచి జారాడు. పక్కటెముకల దగ్గర చిన్న దెబ్బ. అదే ముదిరింది. డాక్టర్లు కిడ్నీయా అపెండిక్సా అని వాదించుకుంటుంటారు. ఆయనకి కావలసింది ఒక్కటే: బతుకుతానా, పోతానా? అది మాత్రం ఎవరూ చెప్పరు.

చెప్పినవాడు బావమరిది. ఊరినుంచి వచ్చి, గదిలో పెట్టె సర్దుకుంటూ అడుగుల చప్పుడుకి తలెత్తి చూశాడు. నోరు తెరిచాడు గానీ మాట పైకి రాలేదు. ఆ ఒక్క చూపుతో ఇవాన్ ఇల్యీచ్‌కి అంతా తెలిసిపోయింది. ఏం, మారిపోయానా అని అడిగితే, మారిన మాట నిజమే అన్నాడతను. అప్పుడు తలుపు వేసుకుని అద్దంలో చూసుకున్నాడు, ముందు ఎదురుగా, తరవాత పక్కనుంచి. భార్యతో దిగిన ఫోటో తీసి అద్దంలో మొహంతో పోల్చిచూసుకున్నాడు. ఇదంతా అరపేజీ ఉండదు. అద్దం ముందునుంచీ అక్కడే ఉంది. బావమరిది చూశాకగానీ అందులో ఏముందో ఆయనకి కనపడలేదు. ఆ వరస ఎక్కడా తప్పడు టాల్‌స్టాయ్.

మిగతా పుస్తకమంతా నలభై అయిదేళ్ల మనిషి తాను అందరిలాంటివాణ్ణేనని ఒప్పుకోవడానికి పడే యాతన. మనుషులు చస్తారని ఆయనకి తెలుసు. ఆ మనుషుల్లో తనుంటాడని తెలియదు. ఇంట్లో వాళ్లంతా జబ్బు నయమవుతుందని నటిస్తుంటే, గెరాసిమ్ అనే పల్లెటూరి పనికుర్రాడొక్కడే అబద్ధమాడడు. రాత్రంతా ఆయన కాళ్లు తన భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు. ఆ పుస్తకంలో నాకు నచ్చిన మనిషి వాడే.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ఇవాన్ ఇల్యీచ్‌కి మూలం 1881లో చనిపోయిన, తూలా కోర్టులో పనిచేసిన ఇవాన్ ఇల్యీచ్ మెచ్నికోవ్ అనే అధికారి. ఆయన తమ్ముడు ఇల్యా మెచ్నికోవ్ పెద్ద శాస్త్రవేత్త, 1908లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ముసలితనానికి పేగుల్లో ఉండే సూక్ష్మజీవులే కారణమని, పులిసిన పాలు తాగితే దాన్ని వాయిదా వెయ్యచ్చని ఆయన వాదం. వృద్ధాప్యాన్ని పరిశోధించే శాస్త్రానికి జెరంటాలజీ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. అన్న చావు మీద టాల్‌స్టాయ్ కథ రాశాడు, తమ్ముడు దానికి పెరుగులో మందు వెతికాడు. తమ్ముడికి 71 ఏళ్లు నడిచాయి.

ఆస్కార్ వైల్డ్ రాసిన 'డోరియన్ గ్రే చిత్రం' ఈ లెక్కని తలకిందులు చేసింది. పక్కవాడి కంటికి వయసు అసలు అందకుండా చేస్తే మనిషి ఏమవుతాడన్నదే ఆ నవల. 1889 ఆగస్టులో లండన్‌లోని లాంగమ్ హోటల్లో ఒక అమెరికన్ పత్రిక సంపాదకుడు ఇద్దరు రచయితల్ని భోజనానికి పిలిచాడు. ఒకరు కోనన్ డాయిల్, రెండోవారు వైల్డ్. ఆ ఒక్క భోజనం ఒక షెర్లాక్ హోమ్స్ నవలనీ, ఈ డోరియన్‌నీ ఇచ్చింది. పత్రికలో 1890 జూలైలో వచ్చింది, కొత్త అధ్యాయాలు కలిపి 1891లో పుస్తకమైంది. కథ అందరికీ తెలిసిందే. అందగాడైన కుర్రాడు తన బొమ్మ చూసుకుని, నేనిలాగే ఉండిపోయి ఈ బొమ్మ ముసలిదైతే బాగుండునని కోరుకుంటాడు. అలాగే జరుగుతుంది. అతను చేసిన పాపాలూ, గడిచిన ఏళ్లూ బొమ్మ మీద పడుతుంటాయి.

టచింగ్ చేసి బతికినవాడిగా ఈ కథ నన్ను కొంచెం గుచ్చుతుంది. టచింగ్ అంటే ఏమిటో ఈ తరానికి తెలియదు. ముడత ప్రింటులో నల్లగా వస్తుంది గనక నెగెటివ్‌లో ఆ చోటు తేటగా ఉంటుంది. ఏటవాలు డెస్కు, దాని మధ్యలో పాలగాజు, కిందనున్న అద్దం కిటికీ వెలుతురుని గాజుమీదకి కొడుతుంది. గాజుమీద నెగెటివ్ పెట్టి, పెన్సిలు పట్టేందుకు మందు రాసి, గరుకుకాయితం మీద అరగదీసి సన్నం చేసిన గట్టి ములికితో ఆ తేట గీత వెంట కంటికి ఆననంత చిన్న చుక్కలు పెట్టాలి. సీసం పడినచోట వెలుతురు ఆగుతుంది, ప్రింటులో అక్కడ తెలుపొస్తుంది. కళ్లకింద, నుదుటిమీద, పెదవుల పక్కన. హద్దు దాటితే మొహం ఒలిచిన కోడిగుడ్డులా వస్తుంది. నెగెటివ్‌ని వెనక్కి తిప్పి వాలుగా వెలుతురులో పట్టుకుంటే, నేను దాచిన ముడతలన్నీ పెన్సిలు మెరుపుతో కనిపించేవి. ప్రింటు వాళ్లు తీసుకెళ్లేవారు, నెగెటివ్ నా బీరువాలో ఉండేది.

డోరియన్ తన బొమ్మని మేడమీద చిన్నప్పటి చదువుగదిలో తాళంవేసి దాచాడు. మధ్యమధ్య పైకెళ్లి, చేత్తో అద్దం పట్టుకుని బొమ్మ ముందు నిలబడి రెండు మొహాలూ పోల్చిచూసుకునేవాడు. ఇవాన్ ఇల్యీచ్ చేసిందే, కాకపోతే వ్యతిరేకదిశలో. లోకం దగ్గర అతనికి దొరకని సాక్ష్యం అక్కడ దొరుకుతుంది. పక్కవాడి చూపు ఎంత అక్కరకొస్తుందో చెప్పే ఘట్టమొకటుంది. అతని మూలంగా ప్రాణం తీసుకున్న నటి తమ్ముడు, ఒక నావికుడు, పద్దెనిమిదేళ్ల తరవాత చీకట్లో అతన్ని పట్టుకుంటాడు. నా మొహం దీపం కింద చూడమంటాడు డోరియన్. ఇరవై ఏళ్ల కుర్రాడి మొహం. ఇతను కాదేమోనని క్షమాపణ చెప్పి వదిలేస్తాడతను. మొహమే అబద్ధసాక్ష్యం చెప్పింది. చివరికి బొమ్మని కత్తితో పొడిచి తానే పడిపోయినప్పుడు, ముడతలుపడ్డ ఆ శవం ఎవరిదో నౌకర్లు పోల్చుకోలేకపోతారు. వేళ్లకున్న ఉంగరాలు చూసి ఆనవాలు పడతారు.

పత్రికలో వేసినప్పుడు, తన బొమ్మ గీసిన చిత్రకారుణ్ణి హత్య చేసిన మర్నాడు డోరియన్‌కి 32వ పుట్టినరోజు. పుస్తకంలో వైల్డ్ దాన్ని 38 చేశాడు. మంచి దిద్దుబాటు. ముప్ఫై రెండేళ్లవాడు కుర్రాడిలా ఉంటే ఎవరూ రెండోసారి చూడరు, ముప్ఫై ఎనిమిదికి చూస్తారు. పదకొండో అధ్యాయంలో ఏళ్లకేళ్లు గడిపించడానికి వైల్డ్ అత్తర్లు, వాద్యాలు, రత్నాలు, అల్లికలు అంటూ సామాను ఏకరువు పెడతాడు. అందులో గొప్పతనం ఉందంటారు. నాకు విసుగే. ఒకరి వయసు ఇంకొకరి మీద పడే కథ మనకీ ఉంది. భారతం ఆదిపర్వంలో యయాతి ముసలితనాన్ని కొడుకు పూరుడు మోశాడు. ఆ కథలో మోసినవాడికో పేరుంది, నోరుంది, కొడుకులు నలుగురు కాదన్నాక అయిదోవాడు ఒప్పుకున్నాడు. డోరియన్ భారం మోసింది నోరులేని గుడ్డ.

ఇక ప్రూస్ట్. 'పోయిన కాలం వెతుకులాటలో' ఏడు సంపుటాల నవల. మొదటిది 1913లో సొంత డబ్బుతో వేసుకున్నాడు. 1922 నవంబరులో చనిపోయాడు. చివరిది 1927లో బయటికొచ్చింది. చిత్రమేమిటంటే, చివరి సంపుటం ముగింపుని మొదట్లోనే రాసిపెట్టుకున్నాడు. ఎక్కడికి చేరాలో తెలిసే మూడువేల పేజీలు నడిచాడు.

ఆ చివరి సంపుటంలో కథకుడు చాలా ఏళ్లు శానిటోరియంలో గడిపి పారిస్‌కొస్తాడు. గెర్మాంత్ రాకుమారుడింట్లో మధ్యాహ్నం విందుకి వెళతాడు. లోపల సంగీతం నడుస్తోంది, అయ్యేదాకా తలుపు తియ్యద్దని ఇంటావిడ ఆజ్ఞ. పుస్తకాల గదిలో కూర్చోబెట్టారు. పాట అయ్యేదాకా ఆగాడు. ఇది చదువుతుంటే నాకు కకుద్మి గుర్తొచ్చి పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. తలుపు తీసి లోపలికెళితే అందరూ తెల్లగడ్డాలు పెట్టుకుని, మొహాలకి పౌడరు కొట్టుకుని, కాళ్లీడుస్తూ నడుస్తున్నారు. వేషాల పార్టీ ఏమో అనుకున్నాడు. ఎంత బాగా వేషం కట్టారో అని మెచ్చుకోబోయాడు కూడా. వేషం కాదు, ఏళ్లు. ఒక లావుపాటావిడ పలకరిస్తే ఆమెని మరొకరనుకున్నాడు. మా అమ్మననుకున్నారు కదూ, అందామె. ఆమె అతను చిన్నప్పుడు ప్రేమించిన జిల్బెర్త్. రిప్ కొడుకులో తనని చూసుకున్నాడు, ఇక్కడ కూతురు తల్లైపోయింది. ఇక ఇంటావిడ: ఆ బిరుదు మోస్తున్నది పాత రాకుమారి కాదు, ఒకప్పుడు ఆ గొప్పింటివాళ్లు గుమ్మం తొక్కనివ్వని వెర్దురాన్ అనే ఆవిడ, మూడో పెళ్లితో ఆ స్థానంలోకొచ్చింది. సత్రం బోర్డు మీద మొహం అదే ఉండి పేరు మారింది, ఇక్కడ పేరు అదే ఉండి మనిషి మారింది.

అయితే ఇంతసేపూ చూస్తున్నది ఇతనే. తన సంగతి? జిల్బెర్త్ ఇద్దరం కలిసి భోంచేద్దామా అంది. కుర్రాడితో ఒంటరిగా భోంచేస్తే నలుగురూ ఏమనుకుంటారో అన్నాడు సరసంగా. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అదీ అతనికి తగిలిన గడ్డం. మిగతా ముగ్గురూ దాంతో తలకిందులైతే ఇతను మాత్రం ఇంటికెళ్లి పుస్తకం రాయాలని నిర్ణయించుకుంటాడు, టైము చాలుతుందో లేదో అని కంగారుపడుతూ.

అదే 1927లో, మే నెలలో, లండన్‌లో వర్జీనియా వుల్ఫ్ 'దీపస్తంభానికి' నవల తన సొంత ప్రెస్సు నుంచి తెచ్చింది. ఎనిమిదిమంది పిల్లలున్న రాంసే కుటుంబం సముద్రతీరపు ఇంట్లో సెలవులు గడుపుతుంటుంది. ఆరేళ్ల జేమ్స్ మర్నాడు పడవెక్కి దీపస్తంభానికి వెళ్లాలంటాడు, తండ్రి వాతావరణం బాగుండదంటాడు. ఆ ఒక్క సాయంత్రం సగం పుస్తకం. చివరి భాగం మరో పొద్దుట. మధ్యలో పదేళ్లని ఆవిడ ఇరవై పేజీల్లో నడిపించింది, అదీ మనుషుల్లేని ఇంట్లో. గోడకాగితం ఊడుతుంది, పుస్తకాలకి బూజుపడుతుంది, చిమ్మటలు బట్టలు కొడతాయి. చూసి చెప్పేవాడు లేడు. అప్పటిదాకా నవలకి ప్రాణమైన తల్లి మిసెస్ రాంసే చనిపోయిన సంగతి బ్రాకెట్లలో ఒక్క వాక్యం, అది కూడా సగం మరో విషయం గురించి. ప్రసవంలో కూతురు, యుద్ధంలో కొడుకు, వాళ్లూ అంతే, బ్రాకెట్లలో. వుల్ఫ్ తల్లి 1895లో పోయినప్పుడు ఆవిడకి పదమూడేళ్లు. ఆ బ్రాకెట్లు అందంకోసం పెట్టినవని నేననుకోను. ఆ పదేళ్ల మధ్యలో ఇల్లు దులపడానికి వచ్చిన మిసెస్ మెక్‌నాబ్ అనే ముసలి పనిమనిషి అద్దంలో తనని ఓరగా చూసుకుని పాత పాట కూనిరాగం తీస్తుంది. తన వయసుతో పేచీలేని మనిషి ఈ పుస్తకాలన్నిట్లో ఆవిడొక్కతే.

ఎక్కణ్ణుంచి మొదలెట్టాలని ఎవరైనా అడిగితే టాల్‌స్టాయ్ అంటాను, వంద పేజీల లోపు పని. రిప్ కథ ఒక మధ్యాహ్నం. వైల్డ్‌లో పదకొండో అధ్యాయం గబగబా తిప్పేసినా కథ పోదు. వుల్ఫ్ మొదటిసారి చేతికందకపోతే కంగారుపడద్దు, రెండోసారి ఆ బ్రాకెట్లు వెతుక్కుంటూ చదవండి. ప్రూస్ట్ ఏడు సంపుటాలూ ఎవరు చదువుతారు, ఆ విందు ఒక్కటీ విడిగా చదివేస్తే పోలేదా అని మేడమీద మాస్టారిని అడిగాను. చదవచ్చు గానీ అక్కడ మీకు ఎవరూ ముసలివాళ్లయినట్టు కనపడరు, కొత్తవాళ్లలా కనపడతారు అన్నారాయన. వాళ్లని మొదటి సంపుటంలో నల్లజుట్టుతో చూసి ఉండాలి.